రాడ్ పంపులోకి గ్యాస్ రాకుండా చూసుకోవడం ఎలా?

పొద్దున్నే ఆయిల్ బావి దగ్గరికి వెళ్తారు. పైనున్న యూనిట్ పొడవాటి ఇనుప రాడ్లతో బావి లోపలి పంపును ఆడిస్తుంది, అదే రాడ్ పంపు. పంపింగ్ యూనిట్ ఊగుతూనే ఉంటుంది, దాని గుర్రపు తల లాంటి హార్స్‌హెడ్ లేస్తూ దిగుతూ ఉంటుంది. ఆయిల్‌ని ట్యాంకుకి తీసుకెళ్లే ఫ్లోలైన్ మీద చెయ్యి పెడితే మాత్రం పైపు చల్లగా తగులుతుంది. నిన్నటిదాకా గోరువెచ్చగా ఉన్న పైపు అది. బావి మూతిలోంచి లేచి దిగే పాలిష్ రాడ్ మీద ఆయిల్ తడి ఆరిపోయి ఉంటుంది. శాంపిల్ వాల్వ్ కొంచెం తిప్పితే చుక్క పడదు, బుస్సుమని గ్యాస్ వస్తుంది. కరెంటు కాలుతోంది, రాడ్లు అరుగుతున్నాయి, ట్యాంకులోకి మాత్రం ఏమీ చేరడం లేదు.

కాకినాడలోనో విశాఖలోనో పెట్రోలియం ఇంజనీరింగ్ చదివి గుజరాత్‌లో మెహసానా వైపు మొదటి ఉద్యోగానికి వెళ్లే మన పిల్లలకి ఇది త్వరలోనే ఎదురవుతుంది. మన గోదావరి జిల్లాల్లో ఎక్కువగా గ్యాస్ బావులే, వాటిలో గ్యాస్ దానంతట అదే పైకి వస్తుంది. కాబట్టి రాడ్ పంపును దగ్గర నుంచి చూసే అవకాశం చదువుకునే రోజుల్లో పెద్దగా దొరకదు. నాకూ దొరకలేదు. పంపులోకి వచ్చేసిన గ్యాస్‌తో కుస్తీ పట్టే కంటే, అది పంపు దాకా రాకుండా దానికి వేరే దారి చూపించడం మేలని తెలుసుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను.

ముందు పంపు లోపల ఏం జరుగుతుందో చూడండి

పంపులో రెండు బంతి వాల్వులు ఉంటాయి. పంపు గొట్టం, అంటే బ్యారెల్, అడుగున కదలకుండా ఉండేది స్టాండింగ్ వాల్వ్. రాడ్లు ఆడించే పిస్టన్, అంటే ప్లంజర్‌తో పాటు పైకీ కిందికీ తిరిగేది ట్రావెలింగ్ వాల్వ్. ప్లంజర్ లేచినప్పుడు కింది వాల్వ్ తెరుచుకుని బ్యారెల్ నిండుతుంది. దిగినప్పుడు కింది వాల్వ్ మూసుకుని పై వాల్వ్ తెరుచుకుంటుంది, బ్యారెల్లో ఉన్నది ప్లంజర్ పైకి చేరుతుంది.

గోలీ సోడా తాగినవాళ్లకి ఇది సులభంగా అర్థమవుతుంది. సీసాలో గ్యాస్ గోలీని కింది నుంచి రబ్బరు రింగుకి గట్టిగా అదిమి పెడుతుంది. వేలితో అంతకంటే గట్టిగా నొక్కితే తప్ప అది కదలదు. ట్రావెలింగ్ వాల్వ్‌లో ఇదే తలకిందులుగా ఉంటుంది. బంతి మీద ట్యూబింగ్ (ఆయిల్ పైకి వచ్చే గొట్టం) నిండా ఉన్న ఆయిల్ బరువు పడుతుంది. ప్లంజర్ దిగేటప్పుడు బ్యారెల్లో ప్రెషర్ ఆ బరువును మించితేనే బంతి లేస్తుంది. బ్యారెల్లో ద్రవం ఉంటే ఆ ప్రెషర్ తక్షణం వస్తుంది, ఎందుకంటే ద్రవం దాదాపుగా నలగదు. గ్యాస్ ఉంటే నలుగుతూ పోతుంది. స్ట్రోకులో సగం దాన్ని నలపడానికే సరిపోతుంది, వాల్వ్ ఆలస్యంగా తెరుచుకుంటుంది. మళ్లీ ప్లంజర్ లేచినప్పుడు అడుగున మిగిలిన గ్యాస్ వ్యాకోచించి, కింది వాల్వ్‌ని త్వరగా తెరుచుకోనివ్వదు. ఇది గ్యాస్ ఇంటర్‌ఫియరెన్స్. రెండు వాల్వులూ అసలే తెరుచుకోని స్థితి వస్తే గ్యాస్ లాక్.

ఒక లెక్క వేద్దాం. పంపు 1000 మీటర్ల లోతులో ఉంది. పైన ఉన్న ఆయిల్ బరువు, వెల్‌హెడ్ ప్రెషర్ కలిపి ట్రావెలింగ్ వాల్వ్ మీద చదరపు సెంటీమీటరుకి 100 కేజీలు (ఇకపై ప్రెషర్‌కి కేజీలు అంటే ఇదే). ఇన్‌టేక్, అంటే పంపు మూతి, దగ్గర ప్రెషర్ 10 కేజీలు. అంటే బ్యారెల్ నిండా గ్యాసే ఉంటే, దాన్ని పది రెట్లు నలిపితే గానీ వాల్వ్ తెరుచుకోదు. స్ట్రోకు 300 సెంటీమీటర్లు, అడుగున ప్లంజర్ చేరని ఖాళీ 60 సెంటీమీటర్లు అనుకోండి. నలిపే నిష్పత్తి 360ని 60తో భాగిస్తే 6. ప్రెషర్ 60 కేజీల దగ్గర ఆగిపోతుంది, వాల్వ్ తెరుచుకోదు. అదే ఖాళీని 30 సెంటీమీటర్లకి తగ్గిస్తే నిష్పత్తి 11. ప్రెషర్ 110కి చేరి వాల్వ్ తెరుచుకుంటుంది. ఇది లెక్క కోసం సులభం చేసిన ఉదాహరణే గానీ, పంపు అడుగున ఒక జానెడు ఖాళీ ఎంత తేడా తెస్తుందో ఇందులో కనిపిస్తుంది.

నిజంగా గ్యాసేనా? తేల్చుకోండి

ఉత్పత్తి తగ్గగానే "గ్యాస్ లాక్" అని రిజిస్టర్లో రాసేయడం చాలామందికి అలవాటు. అలా రాసే ముందు రెండు కొలతలు తీసుకోండి: డైనో కార్డు (స్ట్రోకు పొడవునా రాడ్ల మీద పడే లోడు గీత), ఫ్లూయిడ్ లెవెల్ (ట్యూబింగ్ చుట్టూ ఉండే బావి బయటి గొట్టం, అంటే కేసింగ్‌లో, ద్రవం ఎంత ఎత్తులో ఉందో). ఒక్కటే తీసుకుంటే పొరపాటు పడతారు.

డైనో కార్డులో డౌన్‌స్ట్రోకు వైపు చూడండి. లోడు పైనుంచి కిందికి మెల్లగా, వంపు తిరుగుతూ దిగితే గ్యాస్ నలుగుతోందని అర్థం. కొంత దూరం లోడు అలాగే ఉండి, ఒక్కసారిగా నిట్టనిలువుగా పడిపోతే అది ఫ్లూయిడ్ పౌండ్. అంటే బ్యారెల్ సగమే నిండింది, ప్లంజర్ వచ్చి ద్రవాన్ని ఢీకొడుతోంది. కార్డు సన్నగా అరటిపండులా మిగిలితే లాక్ అయినట్టు. వాల్వులు కారుతున్నాయేమో కూడా అప్పుడే చూసేయండి. అప్‌స్ట్రోకులో యూనిట్ ఆపి, లోడు తగ్గుతూ పోతుంటే ట్రావెలింగ్ వాల్వో ప్లంజరో కారుతోంది. డౌన్‌స్ట్రోకులో ఆపినప్పుడు లోడు పెరుగుతుంటే స్టాండింగ్ వాల్వ్ కారుతోంది.

తర్వాత ఎకో మీటర్ షాట్, అంటే కేసింగ్‌లోకి శబ్దం పంపి ప్రతిధ్వనితో లెవెల్ కొలవడం. బ్యారెల్ సరిగా నిండడం లేదు, కేసింగ్‌లో లెవెల్ కూడా పంపు దగ్గరికి పడిపోయింది అంటే, పంపు లాగినంత ఆయిల్ బావి ఇవ్వడం లేదు. అక్కడ తగ్గించాల్సింది పంపు వేగం. బ్యారెల్ నిండడం లేదు గానీ లెవెల్ పంపు పైన వందల మీటర్ల ఎత్తులో ఉంది అంటే, ఆయిల్ ఉండి కూడా పంపులోకి గ్యాస్ దూరుతోంది. మీరు వెతుకుతున్న దొంగ ఈ రెండో బావిలో ఉన్నాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పంపు పైన కనిపించే 300 మీటర్ల లెవెల్ మొత్తం గట్టి ఆయిల్ అనుకోకండి. గ్యాస్ బుడగలతో నురగలా లేచిన ఆయిల్ కూడా షాట్‌లో అంతే ఎత్తు చూపిస్తుంది. అందుకే షాట్ తీసేటప్పుడు కేసింగ్ వాల్వ్ పది నిమిషాలు మూసి, ప్రెషర్ ఎంత పెరుగుతోందో రాసుకోండి. ఆ పెరుగుదలను బట్టి పైకి వచ్చే గ్యాస్ ఎంతో, ఆ స్తంభంలో నిజమైన ద్రవం ఎంతో లెక్క కట్టవచ్చు.

మొదట ముట్టుకోవాల్సింది కేసింగ్ వాల్వ్

ఉద్యోగంలో నా రెండో ఏడు. ఒక బావిలో పదేపదే గ్యాస్ లాక్ అయ్యేది. మేం చేసిందల్లా రాడ్లు కిందికి దించి, ప్లంజర్‌ని అడుగున తగిలించి కొట్టడం. కొట్టిన ప్రతిసారీ ఒక పూట ఆయిల్ వచ్చేది, మళ్లీ ఆగిపోయేది. రెండు నెలలకి రాడ్ తెగింది. వర్కోవర్ రిగ్ (బావి మరమ్మతు యంత్రం) తెచ్చి కొత్త పంపు దించాం. మూడో రోజుకి మళ్లీ అదే కథ. అప్పుడు కోనసీమ నుంచి వచ్చిన ఒక సీనియర్ ఆపరేటర్ నా పక్కన నిలబడి, "సార్, పంపును కొట్టింది చాలు. ఒక్కసారి ఆ కేసింగ్ గేజీ చూడండి" అన్నారు. గేజీ మీద దుమ్ము తుడిస్తే 18 కేజీలు. ఫ్లోలైన్ ప్రెషర్ 4. కేసింగ్ నుంచి ఫ్లోలైన్‌లోకి గ్యాస్ వెళ్లే దారిలో ఉన్న చెక్ వాల్వ్ (ఒక్క వైపే వెళ్లనిచ్చే వాల్వ్) విప్పి చూశాం. లోపలి రేకు తుప్పు, మైనంతో సీటుకి అతుక్కుపోయి ఉంది. గోటితో గీరితే నల్లటి మైనం పొరలు పొరలుగా ఊడింది. రిగ్ ఖర్చుతో పోలిస్తే ఆ వాల్వ్ ధర ఏపాటిది! కొత్తది వేసి, సాయంత్రం దాకా మెల్లగా ప్రెషర్ దించాం. మర్నాడు పొద్దుటికి ఫ్లోలైన్ వెచ్చబడింది.

కారణం చూడండి. బావి అడుగున ఉండే ప్రెషర్‌లో కొంత ఆన్యులస్‌లో (కేసింగ్‌కీ ట్యూబింగ్‌కీ మధ్య ఖాళీలో) నిలబడిన ఆయిల్ బరువుది, కొంత దాని పైనున్న కేసింగ్ గ్యాస్‌ది. కేసింగ్ ప్రెషర్ 10 కేజీలు పెరిగితే, అది దాదాపు 110 మీటర్ల ఆయిల్‌ని కిందికి తొక్కేసినట్టే. పైకి వెళ్లే దారి మూసుకుంటే లెవెల్ ఇన్‌టేక్ దాకా దిగిపోతుంది. ఆ తర్వాత బావిలోకి వచ్చే గ్యాస్ మొత్తానికి మిగిలిన ఒకే దారి మీ పంపు.

కాబట్టి ప్రతి బావి దగ్గర, ప్రతి వారం, ఇలా చూడండి. కేసింగ్ గేజీ పనిచేస్తోందా? కేసింగ్ ప్రెషర్ ఫ్లోలైన్ ప్రెషర్ కంటే బాగా ఎక్కువగా ఉందా? ఉంటే వాల్వ్ మూసి ఉందో, చెక్ వాల్వ్ ఇరుక్కుందో, మధ్యలో పైపు మైనంతో పూడిందో వెతకండి. వాల్వ్ తెరిచేటప్పుడు కొంచెం కొంచెంగా తిప్పండి. ఒక్కసారిగా ప్రెషర్ వదిలితే ఆయిల్ నురగై కేసింగ్‌లో పైకి పొంగుతుంది, ఆయిల్ ఉండే రాతి పొరలోంచి ఇసుక కూడా కదిలి వస్తుంది. గ్యాస్‌ని ఎప్పుడూ గాలిలోకి వదలకండి. నిప్పు ప్రమాదం ఒకటి, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండే బావుల్లో ప్రాణాపాయం. ఫ్లోలైన్ ప్రెషరే ఎక్కువగా ఉండి కేసింగ్ గ్యాస్ అందులోకి వెళ్లలేకపోతే, తక్కువ ప్రెషర్ లైను వేయించమనో, చిన్న కంప్రెసర్ పెట్టమనో పైవాళ్లని పట్టుబట్టి అడగండి. ఆ ఖర్చు తిరిగి వస్తుంది.

మెహసానా దగ్గర బలోల్, సంతాల్ క్షేత్రాల్లో ఈ మాటకి ఇంకా బరువు ఎక్కువ. అక్కడ ఆయిల్ చిక్కన. ఓఎన్‌జీసీ 1990లో బలోల్‌లో, భూమి లోపలికి గాలి పంపి పొరలోనే కొంత ఆయిల్‌ని మండించి మిగతాదాన్ని పలచబరిచే పద్ధతిని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ఆ మంటలో పుట్టే కార్బన్ డయాక్సైడ్, గాలిలోంచి మిగిలిన నైట్రోజన్ ఉత్పత్తి బావుల్లోకే వస్తాయి. ఆయిల్‌లో సహజంగా ఉండే గ్యాస్‌కి ఇది అదనం. చిక్కటి ఆయిల్‌లో బుడగలు త్వరగా పైకి లేవవు కూడా. అలాంటి చోట కేసింగ్ దారి ఒక్క రోజు మూసుకున్నా పంపు ఇబ్బంది పడుతుంది.

తర్వాత స్పేసింగ్ సరిచేయండి

అడుగున ప్లంజర్‌కీ స్టాండింగ్ వాల్వ్‌కీ మధ్య ఖాళీ వీలైనంత తక్కువగా ఉండాలి, కానీ తగలకూడదు. యూనిట్‌ని డౌన్‌స్ట్రోకు చివర ఆపి, బ్రేకు వేసి, పవర్ తీసేసి తాళం పెట్టండి. బ్రేకు ఒక్కదాన్నే నమ్మి పాలిష్ రాడ్ క్లాంపు దగ్గర చెయ్యి పెట్టకండి. తర్వాత క్లాంపు జరిపి రాడ్లు ఒక్కోసారి ఐదు సెంటీమీటర్ల చొప్పున దించుతూ, మధ్యలో యూనిట్ నడిపి చూస్తూ పోండి. తగిలిన సంగతి డైనో కార్డులో కింది ఎడమ మూలలో చిన్న కొమ్ములా కనిపిస్తుంది. తగలగానే, ఆ తాకిడి పోయేంత మాత్రమే పైకి తీసుకోండి. యూనిట్ మామూలుగా నడిచే వేగంలోనే ఇది చూడాలి, ఎందుకంటే వేగం మారితే రాడ్ల సాగుడు మారుతుంది.

తగిలించి అలాగే వదిలేయడం చాలా ఫీల్డుల్లో ఇప్పటికీ ఉంది. గ్యాస్ బావి కదా, కొంచెం కొట్టనివ్వండి అంటారు. నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. ఆరు ఎస్‌పీఎంలో, అంటే నిమిషానికి ఆరు స్ట్రోకులతో, నడిచే యూనిట్ రోజుకి 8640 సార్లు ఊగుతుంది. అన్నిసార్లు ఆ దెబ్బ వాల్వ్ కేజ్‌కి (బంతి చుట్టూ ఉండే గూటికి), వాల్వ్ రాడ్‌కి, కింది రాడ్ల జాయింట్లకి తగులుతుంది. రాడ్లు వంగి ట్యూబింగ్‌ని రాస్తాయి. కొట్టినప్పుడు కాసేపు ఆయిల్ వస్తుంది, నిజమే. గ్యాస్ వచ్చే దారి మాత్రం అలాగే ఉంటుంది.

స్ట్రోకు పొడవు పెంచండి, వేగం తగ్గించండి

నిమిషానికి 9 స్ట్రోకులు, ఒక్కోటి 2 మీటర్లు. లేదా నిమిషానికి 6 స్ట్రోకులు, ఒక్కోటి 3 మీటర్లు. రెండింటిలో ప్లంజర్ ఊడ్చేది ఒకటే, నిమిషానికి 18 మీటర్లు. అడుగు ఖాళీ 30 సెంటీమీటర్లే అయితే మొదటిదానిలో నలిపే నిష్పత్తి దాదాపు 7.7, రెండోదానిలో 11. పైగా మెల్లగా లాగితే ఇన్‌టేక్ దగ్గర బుడగలు విడిపోవడానికి టైమ్ దొరుకుతుంది. క్రాంక్ పిన్ మార్చి స్ట్రోకు పెంచే ముందు గేర్‌బాక్స్ టార్క్, రాడ్ లోడు సరిపోతాయో చూసుకోండి. బ్యారెల్ పొడవు పెరిగిన స్ట్రోకుకి చాలకపోతే ప్లంజర్ పైన తగులుతుంది, అదీ చూడండి. మార్చాక స్పేసింగ్ మళ్లీ మొదటి నుంచి.

పంప్ ఆఫ్ కంట్రోలర్ ఉన్న బావిలో ఒక సంగతి మరిచిపోవద్దు. బ్యారెల్ నిండలేదు కాబట్టి బావి ఖాళీ అయిందని అది యూనిట్‌ని ఆపేస్తుంది. కారణం గ్యాస్ అయితే, పైన వందల మీటర్ల ఆయిల్ ఉండగానే బావి ఆగి కూర్చుంటుంది. ఆగిన ప్రతిసారీ లెవెల్ ఎంత ఉందో ఒకటి రెండు షాట్లతో తేల్చుకోకుండా సెట్టింగుల్లో చెయ్యి పెట్టకండి.

అసలు మందు: ఇన్‌టేక్ ఎక్కడ పెట్టారు?

పంపు పైకి తీసే అవకాశం వచ్చినప్పుడు, అంటే వర్కోవర్ అప్పుడు, ఈ ప్రశ్న వేయండి. పెర్ఫొరేషన్లు (ఆయిల్ లోపలికి రావడానికి కేసింగ్‌కి చేసిన రంధ్రాలు) ఎక్కడున్నాయి, ఇన్‌టేక్ ఎక్కడుంది? వాటికి పైన పంపు పెడితే, పైకి లేచే గ్యాస్ అంతా దాని మూతి ముందు నుంచే వెళ్తుంది. కింద పెడితే గ్యాస్ పైకి పోతుంది, ఆయిల్ కిందికి దిగుతుంది. గ్యాస్‌ని పంపు ముందే వేరు చేసే పరికరాన్ని గ్యాస్ యాంకర్ అంటారు, ఇంతకంటే మంచి గ్యాస్ యాంకర్ లేదు.

దీనికీ ఒక లెక్క ఉంది. పలచటి ద్రవంలో బుడగ సెకనుకి సుమారు 15 సెంటీమీటర్ల వేగంతో లేస్తుంది. ఆయిల్ అంతకంటే మెల్లగా కిందికి దిగితే బుడగ గెలిచి పైకి పోతుంది, వేగంగా దిగితే బుడగని తనతో పంపులోకి ఈడ్చుకుపోతుంది. దిగే దారి ఒక చదరపు సెంటీమీటరు ఉంటే రోజుకి సుమారు 1.3 ఘనమీటర్లు మాత్రమే గ్యాస్ లేకుండా దిగగలవు. ఐదున్నర అంగుళాల కేసింగ్‌లో 2-7/8 అంగుళాల ట్యూబింగ్ ఉంటే మధ్య ఖాళీ 79 చదరపు సెంటీమీటర్లు. అంటే రోజుకి 100 ఘనమీటర్లు. మామూలు బావికి ఇది ఎక్కువే.

కింద పెట్టడానికి చోటు లేదా? సంప్ (పెర్ఫొరేషన్ల కింద ఉండే బావి భాగం) లోతు చాలకపోవచ్చు, ఇసుక పూడిపోయి ఉండొచ్చు. ఇసుక పూడితే ముందు శుభ్రం చేయించండి, లేకపోతే కొత్త పంపు మూతి ఇసుకలో దిగబడుతుంది. అదీ కుదరకపోతే గ్యాస్ యాంకర్. మామూలుగా వాడేది, 2-7/8 అంగుళాల ట్యూబింగ్ ముక్కకి పైన రంధ్రాలు చేసి, అడుగు మూసి, లోపల సన్న డిప్ ట్యూబ్ వేలాడదీసేది. చవక, కానీ దాని సామర్థ్యం తక్కువ. డిప్ ట్యూబ్ అంగుళంపావు పైపు అయితే మధ్య దారి 16 చదరపు సెంటీమీటర్లే, అంటే రోజుకి 21 ఘనమీటర్లు. ఇప్పుడు మీ పంపు లెక్క చూడండి. అంగుళం ముప్పావు ప్లంజర్, 3 మీటర్ల స్ట్రోకు, 6 ఎస్‌పీఎం అంటే రోజుకి 40 ఘనమీటర్లు లాగుతుంది. 21 మాత్రమే వేరు చేయగల యాంకర్ మీద 40 లాగే పంపు వేసి, గ్యాస్ ఎందుకు వస్తోందని అడిగితే ఏం లాభం? అంగుళంన్నర ప్లంజర్, రెండున్నర మీటర్ల స్ట్రోకు, 5 ఎస్‌పీఎం అయితే 20 అవుతుంది, అప్పుడు ఈ యాంకర్ సరిపోతుంది. ఎక్కువ కావాలంటే కేసింగ్‌లో పట్టినంత లావు బయటి గొట్టం ఉండే సెపరేటర్ అడగండి.

డిప్ ట్యూబ్‌ని మరీ పొడుగ్గా, మరీ సన్నగా చేయకండి. అందులో ప్రెషర్ పడిపోతే, ఆయిల్‌లో కరిగి ఉన్న గ్యాస్ సోడా మూత తీసినట్టు అక్కడే పొంగుతుంది. పూడిపోయిన స్ట్రెయినర్, చిన్న రంధ్రం ఉన్న స్టాండింగ్ వాల్వ్ సీటు కూడా ఇదే పని చేస్తాయి. ట్యూబింగ్ యాంకర్ (ట్యూబింగ్‌ని కేసింగ్‌కి బిగించి పట్టేది) ఎక్కడ పెట్టారో కూడా అడగండి. పంపుకి పైన ఇరుకైన యాంకర్ ఉంటే, గ్యాస్ దాని కింద పోగై ఇన్‌టేక్ దాకా దిగవచ్చు.

పంపులో మార్పులు ఆఖరున. ట్రావెలింగ్ వాల్వ్ ప్లంజర్ అడుగు అంచున ఉండేలా, దాని కింద వృథా ఖాళీ లేకుండా పంపు కట్టమని షాపులో చెప్పండి. అప్పటికీ చాలకపోతే, పైన ఇంకో వాల్వ్‌తో ఆయిల్ బరువును ట్రావెలింగ్ వాల్వ్ మీద పడకుండా ఆపే రెండంచెల పంపులు, పై భాగంలో బ్యారెల్ కొంచెం వెడల్పయ్యే పంపులు ఉన్నాయి. రెండో రకంలో స్ట్రోకు చివర కొంత ఆయిల్ ప్లంజర్ పక్కనుంచి కిందికి జారి, గ్యాస్ ఉన్న చోటు నింపుతుంది. ప్రతి స్ట్రోకులో కొంత ఆయిల్ వెనక్కి పోతుంది కాబట్టి వీటిని అవసరమైన బావిలోనే వేయండి.

ఇవాళే లాక్ అయితే

యూనిట్ ఆపేయండి. కేసింగ్ దారి తెరిచి ఉందో లేదో చూసి, అరగంట, గంట ఆగండి. ఈలోపు ఆన్యులస్‌లో లెవెల్ పెరిగి ఇన్‌టేక్ ప్రెషర్ పెరుగుతుంది, ప్లంజర్ పక్కనుంచి జారే ఆయిల్ అడుగు ఖాళీని కొంత నింపుతుంది. తక్కువ వేగంలో మొదలుపెట్టండి. తొందరపడి ట్యూబింగ్‌లో పైనుంచి ఆయిల్ నింపకండి, ఇప్పటికే తెరుచుకోని వాల్వ్ మీద బరువు ఇంకా పెరుగుతుంది. పంపు ఆగి ఉన్నంతసేపూ స్టఫింగ్ బాక్స్‌కి (పాలిష్ రాడ్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే సీలుకి) ఆయిల్ అందదు. మళ్లీ నడిపే ముందు ప్యాకింగ్‌కి కొంచెం గ్రీజు పెట్టండి, లేకపోతే ఎండి కాలిపోతుంది.

ఏది మార్చినా 24 గంటల తర్వాత మళ్లీ కార్డు, మళ్లీ షాట్. రిజిస్టర్లో "గ్యాస్ లాక్, సరిచేశాం" అని రాసి వదిలేయకండి. కేసింగ్ ప్రెషర్ ఎంత, ఫ్లోలైన్ ఎంత, లెవెల్ ఎంత, రాడ్లు ఎన్ని సెంటీమీటర్లు దించారు, స్ట్రోకు, ఎస్‌పీఎం, ఇవన్నీ తేదీతో రాయండి. రాత్రి షిఫ్టుకి వచ్చే ఆపరేటర్ ఆ పేజీ చూసే రాడ్లు దించాలో, కేసింగ్ వాల్వ్ తిప్పాలో నిర్ణయిస్తారు.